భారతం మిట్ట మీద మైక్‌సెట్టు: హమ్ తీయడం, లెవెల్ కట్టడం

ఎండాకాలం ముదిరిందంటే చిత్తూరు పడమటి పల్లెల్లో ధర్మరాజుల గుళ్ళ ముందు భారతాలు (మహాభారత కథను చెప్పి, ఆడే జాతరలు) మొదలవుతాయి. మధ్యాహ్నం హరికథ, రాత్రికి నాటకం. చాలా ఊళ్ళలో ఇది 18 రోజుల పని. అన్ని రోజులకూ ఒకటే మైక్‌సెట్టు. మొదటి రోజు సెట్టు కట్టగానే హార్మోనియం కింద సన్నగా ‘గూం...’ అని వినిపిస్తే, జనం వచ్చాక వినపడదులే అని వదిలేస్తుంటారు. వినపడుతుంది. భాగవతార్ చిరతలు ఆపి, గొంతు దించి, సభలో ద్రౌపది అడిగిన ప్రశ్న చెప్పే చోట సరిగ్గా అదే వినపడుతుంది. చివరి చాప మీద కూర్చున్న అవ్వకు ఆ ప్రశ్న చేరనప్పుడు మనం తెచ్చిన బాక్సులు ఎన్ని వాట్లవైతే ఏం లాభం?

ఆ ‘గూం’నే హమ్ అంటాం. హమ్ ఒక సమస్య, వాల్యూమ్ ఇంకో సమస్య అని విడదీసి చూడటంతో పని చెడుతోంది. మైకు దగ్గర గెయిన్ (మిక్సర్‌లో మైకు సిగ్నల్‌ను మొదట పెంచే నాబ్) తక్కువ పెట్టి, ఆ లోటును చివర యాంప్లిఫైయర్ నాబ్ తిప్పి పూడిస్తే, మధ్యలో కేబుళ్ళలోకి దూరిన చెత్తంతా గొంతుతోపాటు పెరుగుతుంది. అలాగని ఎర్త్ లేని బోర్డు మీద లెవెల్స్ ఎంత ముద్దుగా కట్టినా హమ్ పోదు. అందుకే వరస ముఖ్యం: ముందు కరెంటు, తర్వాత కేబుళ్ళు, ఆ తర్వాతే లెవెల్.

ముందు ఆ చప్పుడు ఏదో వినండి

మన కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. సాఫీగా, లోతుగా ‘గూం’ అంటుంటే 50 దగ్గరి చప్పుడు. షీల్డు (లోపలి తీగల చుట్టూ ఉండే లోహపు అల్లిక) తెగిన కేబుల్, ఎర్త్ లేని పెట్టె, ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే చుట్టిపెట్టిన మైకు వైరు, ఇలాంటివి కారణం. కాస్త పైన, గరగరమంటూ ‘బర్ర్’ అంటే 100, ఆపైన దాని గుణిజాలు. యాంప్లిఫైయర్ లోపల ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోయినా, గ్రౌండ్ లూప్‌లో (ఇదేమిటో కింద చెబుతాను) చార్జర్ల చెత్త పారుతున్నా ఇలా వస్తుంది. సీరియల్ లైట్లు మారినప్పుడల్లా ‘చిర్, చిర్’ అని మారితే అది లైట్ల కంట్రోలర్‌దే. ఫోన్‌లో ఉచితంగా దొరికే ఏదో ఒక స్పెక్ట్రమ్ యాప్ పెట్టి బాక్సు ముందు పట్టుకుంటే 50, 100, 150 దగ్గర గీతలు లేచి కనిపిస్తాయి, ఊహించే పని తప్పుతుంది.

సంగీతం తెలిసిన వాళ్ళకు ఇంకో సులువు. 100 హెర్ట్జ్ అంటే ఐదో శ్రుతి షడ్జమం కంటే పిసరంత ఎక్కువ. ఒకటో శ్రుతిలో పాడే భాగవతార్‌కు అదే పంచమం అవుతుంది, అదీ కాస్త హెచ్చిన పంచమం. శ్రుతి కలవడం లేదని హార్మోనియం మీద అనుమానపడే సందర్భాల్లో ఒక్కోసారి తప్పు మన పెట్టెది.

ఎక్కడుందో వెతకడం

వెనక నుంచి ముందుకు రావాలి. పిన్ను ఊడదీసే ముందు ప్రతిసారీ యాంప్లిఫైయర్ వాల్యూమ్ సున్నాకు తేవాలి, లేకపోతే ఆ ‘ఢబ్’ దెబ్బకు హారన్ యూనిట్ డయాఫ్రం (లోపల కదిలే పలుచటి పొర) పోవచ్చు.

యాంప్లిఫైయర్ నాబ్‌లన్నీ సున్నాలో పెట్టండి. అప్పటికీ హమ్ ఉంటే అది యాంప్లిఫైయర్ లోపలిదే. పాత పెట్టెల్లో ఎక్కువగా పవర్ సప్లై కెపాసిటర్లే, పైభాగం ఉబ్బి కనిపిస్తాయి. ఆఫ్ చేశాక కూడా వాటిలో చార్జి నిలిచి ఉంటుంది కాబట్టి పందిట్లో మూత విప్పొద్దు. ఆ పెట్టెను పక్కన పెట్టి స్పేర్‌ది వేయండి.

నాబ్ సున్నాలో నిశ్శబ్దంగా ఉండి, పెంచితే వస్తోందా? ఇన్‌పుట్ కేబుల్ తీసి ‘షార్టు పిన్ను’ పెట్టి చూడండి. ఇది మీరే చేసుకోవచ్చు: ఒక ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల గుండ్రటి మైకు కనెక్టర్) మేల్ పిన్నులో 2కీ 3కీ మధ్య 150 ఓముల రెసిస్టర్ సోల్డర్ చేయాలి. పి-38 (ఒకే కడ్డీ ఉండే పావు అంగుళం పిన్ను) అయితే కొసనూ బాడీనీ కలిపేస్తే చాలు. పది, ఇరవై రూపాయల సామాను. సంచిలో ఇది ఉంటే సగం వెతుకులాట తగ్గుతుంది. షార్టు పిన్ను పెట్టగానే నిశ్శబ్దమైతే యాంప్లిఫైయర్ మంచిదే, చెత్త దానికి ముందు నుంచి వస్తోంది.

ఇప్పుడు కేబుల్ మళ్ళీ పెట్టి మిక్సర్ మాస్టర్ ఫేడర్ (మొత్తం సౌండును పెంచే, తగ్గించే జారుడు మీట) పూర్తిగా దించండి. హమ్ అలాగే ఉంటే మిక్సర్‌కూ యాంప్లిఫైయర్‌కూ మధ్య కేబుల్, లేదా గ్రౌండ్ లూప్. ఫేడర్‌తోపాటు తగ్గితే మిక్సర్ లోపలికి వచ్చేదే. మాస్టర్ ఎత్తి ఛానెళ్ళన్నీ మ్యూట్ చేసి, ఒక్కొక్కటీ తెరుస్తూ పోండి. ఎఫెక్ట్స్ రిటర్న్ మరచిపోకండి, ఎకో నాబ్ పూర్తిగా పైకి పెట్టి వదిలేసిన మిక్సర్లు చాలా ఉంటాయి. తప్పు ఉన్న ఛానెల్ దొరికాక మైకు ఇనుప జాలీని చేత్తో పట్టుకోండి. (కింద చెప్పే కరెంటు పరీక్ష అయ్యాకే, టెస్టర్ ఆనించి చూశాకే.) ముట్టగానే హమ్ తగ్గితే ఆ కేబుల్‌లో షీల్డు తెగింది.

కరెంటు, ఎర్త్

గుడి దగ్గర యాంప్లిఫైయర్లు గుడి సాకెట్‌లో, పందిరి మధ్యలో మిక్సర్ పక్కింటి సాకెట్‌లో. పల్లెల్లో హమ్‌కు ఇంతకంటే పెద్ద కారణం లేదు. రెండు చోట్ల ఎర్త్‌లు వేరు, వాటి మధ్య ఒకటో రెండో వోల్టుల తేడా ఉన్నా చాలు, మిక్సర్ నుంచి యాంప్లిఫైయర్‌కు పోయే కేబుల్ షీల్డే ఆ రెండు ఎర్త్‌లను కలిపే తీగ అవుతుంది. దానిలో 50 హెర్ట్జ్ కరెంటు పారుతుంది. దానికే గ్రౌండ్ లూప్ అని పేరు.

మందు చిన్నదే. సౌండుకు సంబంధించిన ప్రతి పెట్టె, మిక్సర్, లాప్‌టాప్ చార్జర్, వైర్‌లెస్ రిసీవర్ సహా ఒకే బోర్డు నుంచి, ఒకే ఫేజు నుంచి కరెంటు తీసుకోవాలి. మిక్సర్‌కు కరెంటు యాంప్లిఫైయర్ల దగ్గరి బోర్డు నుంచే లాగండి. సీరియల్ లైట్లూ ఫ్లడ్ లైట్లూ వేరే ఫేజుకు ఇవ్వమని లైటింగ్ వాళ్ళతో ముందే మాట్లాడుకోండి. మెయిన్ నుంచి బోర్డు దాకా మూడు కోర్ల 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ వాడితే 30 మీటర్ల దూరానికి 10 ఆంపియర్ల లోడు మీద నాలుగు, నాలుగున్నర వోల్టులే పడిపోతాయి. 1 చదరపు మిల్లీమీటర్‌దైతే 11 వోల్టులు పోతాయి, పైగా చుట్ట విప్పకుండా వాడితే అది వేడెక్కి కరుగుతుంది.

బోర్డులో ఏదీ గుచ్చకముందే మల్టీమీటర్ పెట్టాలి. ఏసీ రేంజిలో ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 220 నుంచి 240, ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య దాదాపు అంతే, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టుల లోపు. ఈ మూడో కొలత అసలు సంగతి చెబుతుంది. అది 20, 30, 50 చూపిస్తే న్యూట్రల్ వదులైందో, ఎర్త్ అసలు లేదో. లోడు నడుస్తున్నా అచ్చంగా సున్నా చూపిస్తే సంతోషించకండి, సాకెట్ లోపల ఎవరో న్యూట్రల్‌నూ ఎర్త్‌నూ తీగతో కలిపేసి ఉండొచ్చు. అలాంటి చోట న్యూట్రల్ తెగితే పెట్టెల బాడీలన్నీ 230 వోల్టులకు లేస్తాయి. సాకెట్ విప్పించి చూడాలి.

మీటర్ ఒక చోట మోసం చేస్తుంది. అది కరెంటు తాగదు కాబట్టి, తుప్పుపట్టి వెంట్రుకవాసిలో వేలాడే ఎర్త్ తీగ కూడా 230 చూపిస్తుంది. లైన్‌మన్‌నో ఎలక్ట్రీషియన్‌నో పిలిచి 100 వాట్ల బల్బుతో లోడు మీద పరీక్షించమనండి.

ఏప్రిల్, మే నెలల్లో మన ఎర్ర నేల గట్టిపడి ఎండిపోతుంది. కార్తీకంలో బాగున్న ఎర్త్ గుంత భారతం నాటికి పనిచేయదు. బొగ్గూ ఉప్పూ వేసి పైపు దించిన గుంత అయితే రోజూ సాయంత్రం రెండు బిందెల నీళ్ళు పోయించండి. ఎర్త్ పద్ధతులకు మన దేశంలో ఉన్న ప్రమాణం ఐఎస్ 3043 జీఐ పైపు ఎలక్ట్రోడ్ 2.5 మీటర్ల పొడవు ఉండాలంటుంది. జానెడు ఇనుప చువ్వ మట్టిలో గుచ్చి తీగ చుట్టడం ఎర్త్ కాదు. ఇంకో లెక్క కూడా చూడండి. ఎర్త్ నిరోధం 25 ఓములు ఉంటే, యాంప్లిఫైయర్ బాడీకి ఫేజు తగిలినప్పుడు పారేది 230ని 25తో భాగిస్తే వచ్చే 9.2 ఆంపియర్లే. 16 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మితిమీరితే పడే స్విచ్చు) దానికి పడదు, బాడీ అలా కరెంటుతో నిలబడే ఉంటుంది. అందుకే సౌండు బోర్డుకు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను తెంచే స్విచ్చు) తప్పనిసరిగా పెట్టుకోవాలి. ఖర్చు ఒక మంచి మైకు కంటే తక్కువ.

హమ్ పోవాలని మూడు పిన్నుల ప్లగ్గులో లావు పిన్ను విరిచేసే వాళ్ళున్నారు. నిజమే, లూప్ తెగి హమ్ పోతుంది. కానీ ఆ పెట్టెలో ఏదైనా తప్పు జరిగిన రోజు కరెంటు మైకు కేబుల్ షీల్డు మీదుగా మైకు జాలీ దాకా వస్తుంది. మైకు ముందు నిలబడేది ఎవరు? కాళ్ళకు గజ్జెలు కట్టుకుని, చెమటతో తడిసి, నీళ్ళు చల్లిన నేల మీద ఉత్త కాళ్ళతో ఆడే మనిషి. పెదవి జాలీకి ఆనుతుంది. దయచేసి ఆ పని ఎవరూ చేయొద్దు, చేసిన ప్లగ్గు కనిపిస్తే అక్కడే మార్చేయండి.

లూప్‌ను తెంచాల్సింది సౌండు కేబుల్‌లో. మిక్సర్‌కూ యాంప్లిఫైయర్‌కూ మధ్య బ్యాలెన్స్‌డ్ కేబుల్ (రెండు సిగ్నల్ తీగలూ, చుట్టూ షీల్డూ ఉన్నది) అయితే, యాంప్లిఫైయర్ వైపు కొసలో మాత్రం 1వ పిన్ను షీల్డు విప్పేసిన కేబుల్ ఒకటి చేసి ఎర్ర టేపు చుట్టి పెట్టుకోండి. ఆ కేబుల్‌ను మైకుకు మాత్రం వాడకూడదు, కొన్ని మైకులకు మిక్సర్ పంపే ఫాంటమ్ 48 వోల్టులకు తిరుగుదారి ఆ షీల్డే. బ్యాలెన్స్‌డ్ కాని చోట 1:1 ఆడియో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి.

మూడు ఫేజుల లైను నుంచి తీసుకునే చోట న్యూట్రల్ ఊడితే ఒక ఫేజు మీద 400 వోల్టుల దాకా లేవొచ్చు. బోరు మోటార్లు నడిచే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఈ భయం ఎక్కువ. బోర్డులో ఒక 100 వాట్ల మామూలు బల్బు ఎప్పుడూ వెలుగుతూ ఉండనివ్వండి. అది ఒక్కసారిగా తెల్లగా మండితే ఆలోచించకుండా మెయిన్ దించేయాలి. ఓవర్ వోల్టేజ్ కటాఫ్ ఉంటే ఇంకా మేలు. జనరేటర్ మీదికి మారితే దాని బాడీకీ న్యూట్రల్‌కూ ఎర్త్ కట్టారో లేదో చూసుకోండి. కట్టకపోతే పెట్టెలన్నీ ముట్టుకుంటే చురుక్కుమంటాయి, హమ్ కూడా మొదలవుతుంది.

కేబుళ్ళు

కేబుల్ తెగేది దాదాపు ఎప్పుడూ పిన్ను మెడ దగ్గరే. పైన రబ్బరు బాగానే ఉంటుంది, అర అంగుళం లోపల షీల్డు పోగులు ఒక్కొక్కటే తెగుతూ వస్తాయి. మల్టీమీటర్ బీప్‌లో పెట్టి 1కి 1, 2కి 2, 3కి 3 చూడండి, 1కీ 2కీ మధ్య బీప్ రాకూడదు. చూస్తున్నంతసేపూ మెడ దగ్గర వంచుతూ ఉండాలి. వంచినప్పుడు బీప్ తెగిందంటే దొరికింది.

కోసి మళ్ళీ వేసేటప్పుడు పాడైన చోటికి రెండు అంగుళాల వెనక్కు కోయండి. పై తొడుగు 20 మిల్లీమీటర్లు తీసి, షీల్డు పోగుల్ని గట్టిగా మెలిపెట్టి సీసం పట్టించి, దాని మీద స్లీవు ఎక్కించండి. లేదంటే ఒక్క పోగు పక్క పిన్నును తాకినా చాలు. 1కి పోయే షీల్డును మిగతా రెండు కోర్ల కంటే కాస్త పొడవుగా ఉంచితే, కేబుల్ లాగినప్పుడు అది ఆఖరున తెగుతుంది. ముందు పిన్ను కప్పును వేడి చేసి సీసం నింపి, ఆ వేడిలో తీగ దించి, గడ్డకట్టేదాకా కదపకుండా ఉంచాలి. మెరిస్తే అతుకు కుదిరినట్టు. బూడిదరంగులో గరుకుగా కనిపిస్తే డ్రై సోల్డర్, రెండు రోజుల్లో మళ్ళీ ‘గూం’. క్లాంపు పట్టుకోవాల్సింది పై తొడుగునే, లోపలి కోర్లను పట్టుకుంటే ఈ శ్రమంతా వృథా.

మన దగ్గర ఇంకా చాలా వాడుకలో ఉన్నది ఒక కొసన ఎక్స్‌ఎల్‌ఆర్, రెండో కొసన మోనో పి-38 ఉన్న కేబుల్. దానిలో 1, 3 కలిపేసి ఉంటాయి, అంటే బ్యాలెన్స్ పోయింది. ఐదు మీటర్లకు ఫరవాలేదు. 30 మీటర్లు లాగితే దారి పొడవునా కరెంటు వైర్ల నుంచి హమ్ మోసుకొస్తుంది. బ్యాలెన్స్‌డ్ కేబుల్ కూడా రెండు సిగ్నల్ తీగల్లోకీ సమానంగా చేరిన హమ్‌ను అటు కొసన ఒకదానిలోంచి ఒకటి తీసేయడం వల్లే నిశ్శబ్దంగా ఉంటుంది. మైకు కేబుల్‌ను వెదురు మీద లైట్ల వైరుతో కలిపి కట్టకండి. కనీసం అడుగు దూరం, దాటక తప్పని చోట అడ్డంగా దాటించాలి. మిగిలిన కేబుల్ చుట్టను యాంప్లిఫైయర్ మీద పెట్టొద్దు.

లాప్‌టాప్‌లోనో ఫోన్‌లోనో భక్తిపాటలు వేస్తే ‘చిర్ర్’ అంటోందా? చార్జర్ తీసి బ్యాటరీ మీద నడపండి. ఆగిపోతే చార్జరే. డీఐ బాక్సు (లాప్‌టాప్ సిగ్నల్‌ను బ్యాలెన్స్‌డ్ మైకు లైనుగా మార్చే పెట్టె) పెట్టి గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ వేస్తే చార్జర్ ఉన్నా పోతుంది. ఇంకో తప్పు: స్టీరియో ఈపీ పిన్ను (ఇయర్‌ఫోన్ పిన్ను) నుంచి ఎక్స్‌ఎల్‌ఆర్‌లో 2కి లెఫ్టు, 3కి రైటు సోల్డర్ చేసి ఛానెల్‌కు ఇస్తే పాటలో గాయకుడి గొంతు మాయమై, రెండు వైపులా తేడాగా ఉన్న వాయిద్యాలూ ప్రతిధ్వనీ మాత్రమే మిగులుతాయి. మిక్సర్ ఒకదానిలోంచి ఇంకోదాన్ని తీసేస్తుంది, రెండింట్లో సమానంగా ఉన్న గొంతు సున్నా అవుతుంది. లెఫ్టు ఒక ఛానెల్‌కు, రైటు ఒక ఛానెల్‌కు ఇవ్వండి, లేదా చెరో 1 కిలోఓము రెసిస్టర్ ద్వారా కలిపి ఇవ్వండి.

లెవెల్

మామూలు డైనమిక్ పాట మైకు, ఉదాహరణకు షూర్ ఎస్‌ఎం58, 94 డీబీ (డెసిబెల్) శబ్దానికి ఇచ్చేది 2 మిల్లీవోల్టుల లోపే. మిక్సర్ లైన్ లెవెల్ 1.23 వోల్టులు. ఈ రెంటి మధ్య 56 డీబీ పైచిలుకు, అంటే 660 రెట్ల పెంపు. ఈ పెంపులో ఎక్కువ భాగం మొదటి మెట్టులోనే, ఛానెల్ గెయిన్ నాబ్ దగ్గరే జరగాలి. అక్కడ సిగ్నల్ గట్టిపడితే తర్వాత దూరే చెత్త దాని ముందు చిన్నదైపోతుంది.

అంతకంటే ముందు, ఖర్చు లేని పెంపు ఒకటుంది: మైకు దగ్గరికి తేవడం. మైకుకూ నోటికీ దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డీబీ పోతుంది. 5 సెంటీమీటర్ల నుంచి 20కి జరిగితే 12 డీబీ. ఆ 12 మనం గెయిన్‌లో పెంచితే హమ్ 12 పెరుగుతుంది, కూత (బాక్సు సౌండు తిరిగి మైకులోకి దూరి ‘కూయ్’ మనడం) 12 దగ్గరవుతుంది. భాగవతార్ ఆడుతూ తిరుగుతారు కాబట్టి స్టాండు మైకుతో వేగలేం. తలకు పెట్టుకునే మైకో, మెడ మైకో అడిగి ఒప్పించండి.

కట్టే పద్ధతి. ఫేడర్లన్నీ కింద, గెయిన్ కనిష్ఠం, ఈక్యూ (బేస్, ట్రెబుల్ నాబ్‌లు) మధ్యలో, యాంప్లిఫైయర్ సున్నాలో. ఒక ఛానెల్ పీఎఫ్‌ఎల్ (ఆ ఒక్క ఛానెల్ లెవెల్‌నే మీటరులో చూపే బటన్) నొక్కి కళాకారుణ్ణి తారస్థాయిలో ఒక పద్యం ఎత్తమనండి. ‘హలో, మైక్ టెస్టింగ్’ మీద గెయిన్ కట్టకండి, ఆ గొంతుకూ పద్యం ఎత్తుకున్నప్పటి గొంతుకూ పొంతన ఉండదు. అనలాగ్ మిక్సర్‌లో పెద్ద స్వరాలు 0 దాటి +3, +6 తాకేలా, డిజిటల్‌లో పీకులు -12 చుట్టూ ఉండేలా గెయిన్ పెట్టండి. అసలు కథలో గొంతు ఇంకా లేస్తుంది, దానికి చోటు ఉంచాలి. మృదంగం, హార్మోనియం, డోలు కూడా ఇలాగే, డోలుకు సిగ్నల్ తగ్గించే ప్యాడ్ స్విచ్ అవసరం కావచ్చు. గొంతు ఛానెల్‌లో లో కట్ నొక్కేయండి, 80 నుంచి 100 హెర్ట్జ్ కింద మాటకు పనికొచ్చేది ఏమీ లేదు. మిగిలిన కాస్త 50 హెర్ట్జ్ హమ్ కూడా అక్కడ తగ్గుతుంది. (కారణం వెతక్కుండా దీంతోనే హమ్ దాచేయాలని చూడకండి, 100, 150 అలాగే ఉంటాయి.)

గెయిన్ కుదిరాక ముఖ్యమైన ఛానెల్ ఫేడర్ 0 గీత మీద, మాస్టర్ 0 గీత మీద. ఇప్పుడు ఒకరిని చివరి చాప దగ్గర నిలబెట్టి, కళాకారుడు పాడుతుండగా యాంప్లిఫైయర్ నాబ్ నెమ్మదిగా పెంచండి. మాట తేటగా చేరగానే ఆపి, నాబ్ పక్కన టేపు అంటించి గీత గీయండి. ఇక 18 రోజులూ ఆ నాబ్ జోలికి ఎవరూ పోకూడదు.

యాంప్లిఫైయర్ నాబ్ ఫుల్లుగా తిప్పితేనే ఫుల్ వాట్లు వస్తాయని ఒక నమ్మకం ఉంది. ఆ నాబ్ చేసేది లోపలికి వచ్చే సిగ్నల్‌ను తగ్గించడం మాత్రమే. 0.775 వోల్టులకే ఫుల్ పవర్ ఇచ్చే యాంప్లిఫైయర్ నాబ్ పూర్తిగా తెరిస్తే, మిక్సర్ మీటరు 0 చూపడానికి 4 డీబీ ముందే అది క్లిప్ అవుతుంది (శక్తి దాటి సౌండు చీలుతుంది). అప్పుడు ఏం చేస్తాం? మాస్టర్ ఫేడర్‌ను -20 దగ్గరికి దించుకుంటాం. అంటే మధ్య కేబుల్‌లో సిగ్నల్ పదో వంతుకు పడిపోయింది, హమ్ మాత్రం పూర్తిగా పెరిగే వస్తోంది. హమ్ వెతుకుతూ కేబుళ్ళు మార్చే చాలామందికి మందు ఈ ఒక్క నాబ్‌లో ఉంది. క్లిప్ లైటు ఎప్పుడో ఒకసారి మిణుక్కుమంటే సరే, పాడినంతసేపూ వెలుగుతుంటే హారన్, ట్వీటర్ కాయిళ్ళు వేడెక్కి కాలతాయి.

ఊళ్ళోకి పోయే హారన్లు 100 వోల్ట్ లైను (ప్రతి హారన్‌కూ చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉండే పద్ధతి) మీద ఉంటాయి. ఆ ట్రాన్స్‌ఫార్మర్లలో ఎంచుకున్న ట్యాపుల వాట్లు కూడండి: 30 వాట్లవి నాలుగంటే 120, దానికి 160 వాట్ల యాంప్లిఫైయర్ సరిపోతుంది, కొంత ఖాళీ ఉంటుంది. 100 మీటర్ల దూరం, 1 చదరపు మిల్లీమీటర్ వైరు మీద ఈ 120 వాట్లకు నాలుగున్నర వోల్టుల లోపే పోతుంది. ఇదే వైరు మీద 8 ఓముల బాక్సు నడిపితే వోల్టేజిలో 30 శాతం దారిలోనే పోతుంది, చేరే పవర్ సగమే. ట్రాన్స్‌ఫార్మర్ లేని యూనిట్‌ను 100 వోల్ట్ లైనుకు కలిపితే మాత్రం అక్కడికక్కడే కాలిపోతుంది. హారన్ల లైనుకు 300 హెర్ట్జ్ కింద కట్ చేసి పంపండి, డోలు దెబ్బలకు డయాఫ్రంలు పగలవు. పక్కపక్కన కట్టిన రెండు హారన్ల తీగలు తిరగబడితే మధ్యలో నిలబడిన వాళ్ళకు గొంతు పలచగా వినిపిస్తుంది, ప్లస్, మైనస్ ఒకేలా ఉండాలి.

కూత గురించి క్లుప్తంగా. బాక్సులు మైకుల కంటే ముందుండాలి. కార్డియాయిడ్ మైకుకు (వెనక సౌండు తీసుకోనిది) మానిటర్ (కళాకారుడి వైపు తిప్పిన బాక్సు) సరిగ్గా వెనక, సూపర్‌కార్డియాయిడ్‌కైతే (సరిగ్గా వెనక నుంచి కాస్త తీసుకునేది) వెనక రెండు పక్కల ఏటవాలుగా పెట్టాలి. తెరిచి ఉన్న మైకుల సంఖ్య రెట్టింపైతే 3 డీబీ నష్టం, కాబట్టి నాటకంలో పాత్ర లోపలికి పోగానే ఆ మైకు మ్యూట్ చేయండి. కూసే చోటు దాకా పెంచి, గ్రాఫిక్ ఈక్వలైజర్‌లో ఆ ఫ్రీక్వెన్సీని 3 డీబీ తగ్గించి, మళ్ళీ పెంచండి. నాలుగైదు పట్టీలు చాలు, అంతకు మించితే గొంతే చచ్చిపోతుంది. చివరికి మాస్టర్ 6 డీబీ వెనక్కు తీసుకోండి.

అర్జున తపస్సు రోజు పని వేరు. పాత్రధారి తపసు మాను ఎక్కుతూ ఒక్కో మెట్టుకూ ఒక్కో పద్యం పాడతాడు, పైన అరగంట పైగా ఉంటాడు, మధ్యలో మైకు మార్చే దారి లేదు. బాడీప్యాక్‌లో (ఒంటికి కట్టే వైర్‌లెస్ ట్రాన్స్‌మిటర్) ఎక్కే ముందే కొత్త ఆల్కలైన్ సెల్లులు వేయండి. రిసీవర్‌ను మాను కనిపించే చోట, మనిషి ఎత్తు పైన, లైట్ల కంట్రోలర్‌కు దూరంగా పెట్టండి. యాంటెన్నాకు మానుకూ మధ్య జనం, ఇనుప పందిరి కాళ్ళు అడ్డు రాకూడదు. ట్రాన్స్‌మిటర్ సెన్సిటివిటీ కింద నేల మీద పెట్టిన దాని కంటే ఒక మెట్టు తగ్గించండి, పైన జనాన్ని చూసి గొంతు లేస్తుంది. మైకు గుళికకు సన్నటి గుడ్డ చుట్టి కిరీటం అంచుకు పెడితే చెమట దిగదు, గాలికి ‘ఫర్ర్’ అనదు. రిసీవర్ అవుట్‌పుట్ లైన్ లెవెల్‌లో ఉందో మైకు లెవెల్‌లో ఉందో చూడకుండా ఛానెల్‌కు ఇస్తే, ఒకటి క్లిప్ అవుతుంది, రెండోది హమ్‌తో వస్తుంది.

రాత్రి సంగతి. శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు 2000 ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదు. పండుగలకు రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు. మైకుకు రాతపూర్వక అనుమతి ఎలాగూ కావాలి. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టుపక్కల నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించారేమో కూడా కనుక్కోండి. కాబట్టి ఊరివైపు హారన్లకు వేరే యాంప్లిఫైయరో, కనీసం వేరే స్విచ్చో ముందే పెట్టుకోండి. హరికథ అయిపోగానే ఆ లైను ఆపేసి, రాత్రికి, అనుమతి ఉన్న వేళ దాకా, జనం వైపు వంచిన రెండు బాక్సులే ఉంచండి. లెవెల్స్ బాగా కడితే ఆ రెండు బాక్సులు చివరి చాప దాకా మాటను మోస్తాయి.

ఆఫ్ చేసేటప్పుడు ముందు యాంప్లిఫైయర్లు, తర్వాత మిక్సర్. మర్నాడు ఆన్ చేసేటప్పుడు మిక్సర్ ముందు. ఆ రోజు అనుమానం వచ్చిన ప్రతి కేబుల్‌నూ చుట్టే ముందు కొసన ఒక ముడి వేసి వేరే సంచిలో పడేయండి. ముడి ఉన్నది మీటర్ పెట్టి చూశాకే మళ్ళీ మంచి కేబుళ్ళలో కలవాలి.